కళ్ళజోడు అబ్బాయి సుగుణది, పొడుగు అబ్బాయి నాది

ముప్పై ఏళ్ళకు పైగా నేను మగపిల్లాడిగా పనిచేశాను. నవ్వకండి. డబ్బింగ్‌లో మీసాలు రాని కుర్రాళ్ళకు గొంతు ఇచ్చేది ఎక్కువగా మా బోటి ఆడవాళ్ళే. నిజం కుర్రాణ్ణి తెచ్చి మైకు ముందు నిలబెడితే సగం సీరియల్ అయ్యేసరికి వాడి గొంతు మారిపోతుంది, లేదా పరీక్షలొస్తాయి, లేదా వాళ్ళమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. మాకు ఆ బాధలేవీ లేవు. చీర కట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మోకాలికి తైలం రాసుకుని వచ్చి పదో తరగతి కుర్రాడిలా మాట్లాడి ఇంటికి పోతాం.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలు గొంతు ఎలా కాపాడుకోవాలని అడుగుతుంటారు. గోరువెచ్చని నీళ్ళు తాగండి, అరవకండి. అది ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది. ఈ పనిలో మొదట పట్టుకునే జబ్బు గొంతునొప్పి కాదు, కడుపుమంట. పక్కవాళ్ళ గొంతు శ్రద్ధగా వినకపోతే డబ్బింగ్ చేయలేరు. అంత శ్రద్ధగా వింటూ కుళ్ళుకోకుండా ఉండటం దేవతల వల్ల కూడా కాదు. నా కడుపుమంటకు ఒక పేరుంది. సుగుణ.

ఒకే మైకు

నాది గుడివాడ దగ్గర పల్లె. పెళ్ళయ్యాక హైదరాబాద్‌లోని చందానగర్ వచ్చాం. సుగుణది బాలానగర్, వాళ్ళాయన అక్కడే ఒక వర్క్‌షాప్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆమె నాకంటే రెండేళ్ళు చిన్న. ఇద్దరం ఒకే ఏడు ఒకే డబ్బింగ్ థియేటర్‌లో చేరాం. అక్కడ గొంతులు పంచే పెద్దాయన్ని అందరూ మాస్టారు అనేవారు.

మాస్టారి లెక్క చాలా తేలిక. చదువుకునే పిల్లాడు, తల్లి కోసం ఏడ్చే పిల్లాడు అయితే కనకదుర్గ, అంటే నేను. టీ కొట్టు కుర్రాడు, సైకిలు దొంగ, నవ్వించే లావుపాటి స్నేహితుడు అయితే సుగుణ. నాది కృష్ణాజిల్లా మాట, ఆమెది హైదరాబాద్ మాట, అంతే కారణం. ఆ మాటతో నవ్వించడమే తప్ప ఏడిపించలేమని అప్పట్లో అందరూ అనుకునేవారు. మాస్టారు నాకు పని నేర్పిన మనిషి, ఆయన మీద గౌరవం ఉంది. కానీ ఈ సంగతిలో ఆయన చెవులు మూసుకునే కూర్చున్నాడు.

పెద్ద పాత్రలన్నీ నావే కదా, మరి కడుపుమంట దేనికని అడుగుతారేమో. చెబుతాను. నేను ఏడిస్తే థియేటర్‌లో అందరూ బాగుందనేవారు. సుగుణ టీ కొట్టు కుర్రాడిగా ఒక్క మాట అంటే రికార్డింగ్ మిషన్ గదిలో ఉన్న ఇంజనీరు కూడా పొట్ట పట్టుకుని బయటికి వచ్చేవాడు. నేను ఇంటికెళ్ళి వంట చేస్తూ ఆ ఒక్క మాటను అలాగే అనడానికి ప్రయత్నించేదాన్ని. వచ్చేది కాదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, నిజంగానే వాళ్ళ కూర బాగుంటే ఏం చేస్తాం?

అప్పట్లో ఇద్దరికీ కలిపి ఒకే మైకు. భుజం భుజం తగిలేలా నిలబడేవాళ్ళం. తెర మీది పిల్లాడి పెదాలు సరిగ్గా ఎప్పుడు కదులుతాయో సుగుణకు నాకంటే ముందే తెలిసిపోయేది. నేను అందుకోవాల్సిన చోట నా మణికట్టు మీద వేలితో చిన్నగా తట్టేది. ఆ తట్టు పడిందంటే కళ్ళు మూసుకుని మాట వదిలేయొచ్చు. మధ్యాహ్నం ఇద్దరి డబ్బాలూ ఒకేచోట విప్పేవాళ్ళం. నా గోంగూర పచ్చడి ఆమెకు, ఆమె సర్వపిండి రొట్టె నాకు. ఎవరికి ముందు పని అయినా రెండోవాళ్ళు వచ్చేదాకా డబ్బా మూత తీసేవాళ్ళం కాదు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోయింది.

మాదాపూర్ అద్దాల గది

ఆ తర్వాత థియేటర్లు పోయాయి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల మధ్య ఒక అద్దాల భవనంలో డబ్బింగ్ కంపెనీ పెట్టారు. కింద మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు కాఫీ కప్పులతో తిరుగుతుంటారు, పైన మేము. ఇక్కడ ఒక్కొక్కరికీ విడిగా ఒక గది. పక్కన మనిషి ఉండదు. అవతలి గొంతు ముందే రికార్డయి చెవుల్లో వినిపిస్తుంది, దానికి మనం జవాబు చెప్పాలి. పని తొందరగా అవుతుంది, ఒప్పుకుంటాను. కానీ గోడకు జవాబు చెప్పినట్టు ఉంటుంది.

ఇక్కడి డైరెక్టర్ పేరు మేఘన. అమ్మానాన్నలది కడప, తను ప్రగతి నగర్‌లోనే పెరిగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చింది. చెవి మంచిది. నన్ను 'మేడమ్' అనేది, సుగుణను 'సుగుణమ్మా' అనేది. ఆ తేడా నాకు మొదటి రోజే గుచ్చుకుంది.

ఒకరోజు మేఘన మా ఇద్దర్నీ పిలిచి ఒక చిన్న సీరియల్ చూపించింది. తూర్పు దేశాల్లో ఎక్కడో ఒక స్కూలు. ఒక్కో ఎపిసోడ్ అరగంట కూడా ఉండదు. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుంటారు, ఒకే గొడుగులో బస్టాపుకు నడుస్తారు, మెల్లగా ఒకరంటే ఒకరికి ఇష్టం కలుగుతుంది. అంతా కలిపి చిటికెన వేలు చిటికెన వేలికి తగిలేంత వరకే. ఇంత తక్కువ చూపించి ఇంత ఎక్కువ చెప్పిన కథ నేను చేసినవాటిలో ఇంకోటి లేదు.

"నిజానికి యంగ్ ఆర్టిస్టులతో చేద్దామనుకున్నా మేడమ్. ఫణి ఒప్పుకుని మళ్ళీ తప్పుకున్నాడు" అంది మేఘన. ఫణి కొత్త ఆర్టిస్టు, ఇరవై దాటినా పదహారేళ్ళ గొంతు. "ఫ్రెండ్స్ వింటే ఆడుకుంటారు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు అన్నాడు. ఇంకో ఇద్దరు కూడా అంతే."

"వాళ్ళకేంది భయం? ఆ పోరలు ఎవల జోలికి వోయిన్రు?" అంది సుగుణ.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన "ఈ వయసులో నీకెందుకే ఇది" అన్నారు. "నాకు పదహారేళ్ళు వచ్చిందే ఈ వయసులో, మీకేం బాధ" అన్నాను. ఆయన పేపరు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

ఆ ఇద్దరు కుర్రాళ్ళలో కళ్ళజోడు అబ్బాయిది అసలు పాత్ర. నవ్వేది, నవ్వించేది, చివరికి ధైర్యం చేసి ఇష్టమని చెప్పేది వాడే. పొడుగు అబ్బాయి పెద్దగా మాట్లాడడు, గోళ్ళు కొరుక్కుంటాడు, లోపల్లోపల ఉడుకుతుంటాడు. కళ్ళజోడు నాకే వస్తుందనే విషయంలో నాకు అనుమానమే లేదు. మాస్టారి కాలం నుంచీ ప్రేమా కన్నీళ్ళూ నా శాఖ. ఇద్దరికీ గొంతు పరీక్ష చేసి మేఘన నన్ను విడిగా పిలిచింది.

"మేడమ్, మీ వాయిస్ చాలా క్లీన్. పొడుగబ్బాయి మీరు చేయండి. కళ్ళజోడు అబ్బాయి సుగుణమ్మ చేస్తారు."

"ఆ యాసతోనా?" అన్నాను.

"ఆ యాసతోనే. ఇక్కడి పిల్లలు అలాగే మాట్లాడతారు కదా మేడమ్. ప్రేమించినప్పుడు మాత్రం భాష ఎందుకు మార్చుకుంటారు?"

మాట సరైనదే. సరైన మాట కాబట్టే మింగుడు పడలేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవరో. పాత్ర పోయినందుకు నేను ఏడవలేదు. బయట కుర్చీలో కూర్చున్న సుగుణ నన్ను చూసి "ఏమైందక్కా, గట్ల ముడుసుకున్నవ్ మూతి?" అని నవ్వింది. ఇంటికి పోయి స్నానాల గదిలో ఏడ్చాను.

కోడలి అసూయ

కథ మధ్యలో స్కూలుకు ఒక కొత్త కుర్రాడు వస్తాడు. పాటలు పాడతాడు. కళ్ళజోడు అబ్బాయి ఆ కొత్తవాడితో తిరగడం మొదలుపెడతాడు, పొడుగు దూరం నుంచి చూస్తుంటాడు. ఒక మధ్యాహ్నం మెట్ల మీద కళ్ళజోడు ఒంటరిగా దొరికితే, పొడుగు ఎదురుగా నిలబడి ఒకే ఒక్క మాట అడుగుతాడు. "తిన్నావా?" అంతే. వాడి అసూయంతా ఆ ఒక్క మాటలో రావాలి.

నేను అన్నాను. మేఘన హెడ్‌ఫోన్లలోంచి "ఇంకోసారి మేడమ్" అంది. మళ్ళీ అన్నాను. ఇంకోసారి. ఇంకోసారి. పెదాలకు మాట అతికినట్టే సరిపోతోంది, అయినా ఒప్పుకోదు. చివరికి గదిలోకే వచ్చింది.

"ఏమనుకోకండి మేడమ్. ఇది కోడలి అసూయ. తోటికోడలికి పట్టుచీర కొన్నప్పుడు అడిగినట్టుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ నిజం. ఏళ్ళ తరబడి పగటిపూట సీరియళ్ళలో కోడళ్ళకూ గొంతు ఇచ్చాను. అసూయ అనగానే నా నాలుక దానంతటదే ఆ దారిలోకి పోతుంది. మాటను సాగదీసి, చివర్లో చిన్న ముల్లు పెట్టి వదులుతుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. బాగా చేతనైన పనే ఎప్పుడో ఒకప్పుడు అడ్డుపడుతుంది. పదహారేళ్ళ కుర్రాడికి తను అసూయపడుతున్నానని తెలియదు. కడుపులో ఏదో తిప్పుతోందని మాత్రం తెలుసు. ఇదంతా ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను. ఆ రోజు మాత్రం ఆ పిల్లకు చెవుడని అనుకున్నాను.

ఆ రోజుల్లో నా కడుపులో తిరుగుతున్నది ఇంకోటి ఉంది. మేఘన సాయంత్రాలు తన కారులో సుగుణను బాలానగర్‌లో దింపడం మొదలుపెట్టింది. కొంచెం చుట్టయినా సరే. ఇన్నేళ్ళూ సుగుణా నేనూ కలిసి బస్టాపుకు నడిచేవాళ్ళం. ఇప్పుడు నేను ఒక్కదాన్నే నడిచి చందానగర్ బస్సెక్కుతున్నాను. కారులో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారో, ఏం చూసి నవ్వుకుంటారో. నన్ను కూడా ఎక్కమన్నారు, నా దారి వేరని నేనే ఎక్కలేదు. ఎక్కమని రెండోసారి ఎందుకు అడగలేదని బస్సులో కూర్చుని తిట్టుకున్నాను.

కోడలి అసూయ అనిపించుకున్న మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్‌కు వెళ్ళాను. కిటికీ దగ్గర బల్ల మీద సుగుణ, ఎదురుగా మేఘన. మేఘన పళ్ళెంలో సర్వపిండి ముక్క ఉంది. నాకు వచ్చే సర్వపిండి. సుగుణ ఏదో చెబుతోంది, ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. అడగాలంటే ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు నీకు నేను అక్కర్లేదా? ఆ పిల్ల వచ్చాక నేను కనబడటం లేదా? అరవై దగ్గరపడిన ఆడదాన్ని, ఇవన్నీ ఏ మొహం పెట్టుకుని అడగను? బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"తిన్నావా?"

సుగుణ తలెత్తి చూసింది. "లే. నీకోసం ఆగిన" అంది. పక్కనే ఆమె డబ్బా ఉంది. మూత తీసి లేదు. మేఘనకు పెట్టిన ముక్క విడిగా కాగితంలో కట్టి తెచ్చిందట.

నేను కూర్చున్నాను. మేఘన నవ్వడం మానేసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత చెయ్యి కడుక్కోకుండానే లేచింది. "మేడమ్, ఇప్పుడు ఎలా అన్నారో అలాగే. తినేసి పైకి రండి. వద్దు, తినకుండానే రండి."

తినకుండానే వెళ్ళి అన్నాను. ఒక్కసారికే సరిపోయింది. కళ్ళజోడు జవాబు అసలు కథలో 'ఇంకా లేదు' అని మాత్రమే ఉంది. దాన్ని మేఘన మార్చేసి, సుగుణ చేత "లేదు. నీకోసం ఆగిన" అనిపించింది. పెదాల కదలికకు కూడా చక్కగా కుదిరింది. సీరియల్ బయటికి వచ్చాక కాలేజీ పిల్లలు ఆ మాటను ఫోన్లలో ఒకరికొకరు పంపుకునేవారని మేఘన చెప్పింది. అందరికీ నచ్చింది జవాబు. నా ప్రశ్న గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఊ

చివరి ఎపిసోడ్‌లో వాన వెలిసిన బస్టాపులో కళ్ళజోడు అబ్బాయి మనసులో మాట చెబుతాడు. సుగుణ ముందు రోజే అది రికార్డు చేసి వెళ్ళింది. నా గదిలో హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని విన్నాను.

"జర ఆగు. చెప్తున్న, విను. నువ్వంటే నాకిష్టం. నవ్వుతవేమో నవ్వు. ఇష్టమైతే ఇష్టమే గద."

ఏ తొడుగూ లేని మాట. మాస్టారు వినుంటే ఏమనేవాడో. ముప్పై ఏళ్ళు ఈ గొంతుకు సైకిలు దొంగ వేషాలిచ్చాం. నేను ఎన్ని ప్రేమలు పలికానో, ఒక్కటీ ఇలా రాలేదు. కళ్ళు చెమర్చాయి, కడుపు మండింది, రెండూ ఒకేసారి.

దానికి పొడుగు అబ్బాయి జవాబు "ఊ". అదొక్కటే. నాకు రాలేదు. గోడను చూస్తూ ఎలా ఊ కొట్టను? ఎన్నిసార్లు అన్నా ఫోన్‌లో ఎవరి కష్టాలో వింటున్నట్టే ఉంది. చివరికి మేఘనను అడిగాను. "సుగుణను పిలిపించమ్మా. నా పక్కన నిలబడనీ."

"ఒక గదిలో ఇద్దరు వద్దంటారు మేడమ్, సౌండ్ కలుస్తుంది."

"ఆమె మాట్లాడదు. ఊరికే నిలబడుతుంది."

సుగుణ వచ్చింది. మైకు ముందు పాత రోజుల్లోలా భుజం తగిలేలా నిలబడింది. తెర మీద కళ్ళజోడు అబ్బాయి పెదాలు కదిలాయి, చెవుల్లో ఆమె గొంతు చెప్పాల్సింది చెప్పింది, పక్కన ఆమె ఊపిరి వినబడుతోంది. నా మణికట్టు మీద వేలు పడింది.

"ఊ" అన్నాను.

అద్దం అవతలి నుంచి మేఘన 'ఇంకోసారి' అనలేదు. సుగుణ బయటికి వస్తూ "ఇగ చాలు, పోదాం పా అక్కా, ఆకలైతుంది" అంది. ఆ రోజు ఆమె కారెక్కలేదు. ఇద్దరం నడిచి బస్టాపుకు వెళ్ళాం.

రెండో భాగం

ఆ తర్వాత నా గొంతు దిగింది. దగ్గు వచ్చి తగ్గింది, కానీ వెళ్తూ వెళ్తూ కుర్రాణ్ణి తీసుకుపోయి ముసలమ్మను వదిలిపెట్టింది. రెండు ముక్కలు మాట్లాడగానే ఆవిడ తొంగిచూస్తుంది. మేఘన దాచకుండా చెప్పింది, అందుకు ఆ పిల్లంటే నాకు గౌరవం. శాలువా కప్పారు, కేకు కోయించారు. సుగుణ గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. అవే నీళ్ళు, అదే దుమ్ము, వాళ్ళింటి పక్క రోజంతా ఇనుము కోసే రొద. ఏం తింటుందో అడగాలనిపిస్తుంది. అడిగితే చెప్పేస్తుందని అడగలేదు.

నేను మానేశాక ఆ సీరియల్‌కు రెండో భాగం వచ్చింది. కళ్ళజోడుకు సుగుణే. పొడుగు అబ్బాయికి ఫణి. అవును, ఆడుకుంటారని పారిపోయిన ఫణే. మొదటి భాగం అంతమందికి నచ్చాక తనే వచ్చి అడిగాడట. మంచిదే, పిల్లల్లో భయం తగ్గితే మంచిదే, ఎవరు కాదన్నారు. నా మణికట్టు మాత్రం రోజంతా జిలపెట్టింది.

నిన్న ఉదయం వంట ముగించి టీవీలో పెట్టుకుని చూశాను. వాడు బాగా చేస్తే ఏడుస్తాను, బాగా చేయకపోతే మా పొడుగు అబ్బాయి చెడిపోయాడని ఏడుస్తాను, ఎటు చూసినా ఏడుపే అనుకుంటూ కూర్చున్నాను. వాడు బాగానే చేశాడు. నిజం మగపిల్లాడి గొంతు, ఎంతైనా. ఒకచోట సుగుణ "నువ్వు లేకుంటే నాకు తోచది" అంటుంది. ఫణి "ఊ" అన్నాడు. సుగుణ ఎవరికో ఆ మాట చెబుతోంది. ఎవరో ఊ కొడుతున్నారు. పక్కన నిలబడి వాడి మణికట్టు మీద తట్టిందా? అది తెలుసుకోవాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. టీవీ ఆపేశాను.

ఫోన్ మోగింది. సుగుణే.

"చూసినవా అక్కా?"

"చూశాను."

"ఎట్లున్నది? పోరడు మంచిగనే చేసిండు గద?"

బాగా చేశాడని అందామనుకున్నాను. వాడిని కూడా తట్టావా అని అడుగుదామనుకున్నాను. గొంతులోకి ముసలమ్మ వచ్చి కూర్చుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"తిన్నావా?"

అవతల వర్క్‌షాపుల రొద ఒక్కటే. తర్వాత పదహారేళ్ళ కుర్రాడి గొంతు వచ్చింది.

"లేదు. నీకోసం ఆగిన."

తర్వాత సుగుణ తన సొంత గొంతుతో "ఇంట్లనే ఉండు, బస్సెక్కుతున్న" అని పెట్టేసింది. నేను లేచి వెళ్ళి ఇంకో గ్లాసు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.